రాట్నము పుట్టిన బావి

పంచతంత్రమందలి నాలుగవ తంత్రమగు లబ్ధప్రణాశములో గంగదత్తుడను కప్పలరాజు కథ యొకటి కలదు. దాయాదుల పోరు పడలేక అతడు తన బావిని విడిచి వెలికివచ్చి, పగ తీర్చుకొనవలెనను మోహమున ప్రియదర్శనుడను సర్పమును ఆ బావిలోనికి తోడ్కొనిపోవుటయు, ఆ సర్పము మొదట దాయాదులను, పిదప బంధువులను, తుదకు గంగదత్తుని కుమారునిసైతము భక్షించుటయు పాఠకులలో అనేకులు చిన్ననాడే వినియుందురు. కథలో నీతిని మాత్రమే వెదకువారు గమనింపక దాటిపోవు చిన్న విషయ మొకటి అందున్నది. అంత లోతుబావినుండి ఆ కప్ప పైకెట్లు వచ్చినది? మూలమున దీనికి స్పష్టమైన సమాధానమే కలదు: అరఘట్టమునకు కట్టిన కుండ నెక్కి వచ్చినది.

అరఘట్టమను మాటలో ‘అర’ యనగా చక్రపు బొడ్డునుండి అంచువఱకు చాచుకొనియుండు ఆకు. బండిచక్రమునకు మనవారు బిగించు ఆకులును అరలే. అట్టి ఆకులుగల చక్రపు అంచునకు కుండలు కట్టియో, లేక ఆ చక్రముమీదుగా కుండల మాలనొకదానిని బావిలోనికి వ్రేలాడదీసియో, చక్రమును త్రిప్పినచో, ఒకవైపున వట్టికుండలు తలక్రిందుగా దిగుచుండగా రెండవవైపున నిండుకుండలు పైకెగసి, తొట్టిలో నీటిని క్రుమ్మరించి, మరల బావిలోనికి పోవుచుండును. అమరకోశమున దీనికి ఘటీయంత్రమని పేరు. హాలుని పేర ప్రసిద్ధమైన గాథాసప్తశతిలో ఇది ప్రాకృతవేషము దాల్చి రహట్టమై కనబడును. బాణభట్టు హర్షచరితములో శ్రీకంఠజనపదమును వర్ణించుచు జీలకఱ్ఱ మళ్లను తడిపించినదియు ఇట్టి కుండలచేతనే. శూద్రకుని మృచ్ఛకటికమున, వధ్యస్థానమునుండి బ్రదికి బయటపడిన చారుదత్తుడు, కొందఱిని నింపుచు కొందఱిని వట్టిచేయుచు, కొందఱిని పైకెత్తుచు కొందఱిని క్రిందికి త్రోయుచు విధి యాడు ఆటను చెప్పవలసివచ్చినప్పుడు, బావిచక్రపు కుండలకంటె తగిన పోలిక అతనికి దొరకలేదు. కూపయంత్రఘటికాన్యాయమని సంస్కృతమున ఒక న్యాయమే దీనినిబట్టి యేర్పడినది. నాటకము చూచు సామాన్యప్రేక్షకునకు వివరణ యక్కఱలేకయే ఆ పోలిక తెలిసినదనగా, ఆ యంత్రము అప్పటికి ఎంత పరిచితమో ఊహింపవచ్చును.

ఈ కుండలు చక్రపు అంచునకే కట్టబడియుండెనా, లేక మాలగా లోతునకు దిగెడివా, పండ్లచక్రములను కూర్చి ఎద్దుచే త్రిప్పించుట మన దేశమున ఎప్పుడు మొదలైనది అను విషయములమీద ఆనంద కుమారస్వామి మొదలు ఇర్ఫాన్ హబీబు వఱకు పండితులు చాల చర్చ చేసిరి. ఆ చర్చయంతయు ఇచ్చట అవసరము లేదు. ఒక్క సంగతి మాత్రము ముఖ్యము. అడ్డముగా తిరుగు చక్రపు పండ్లు నిలువుగా తిరుగు చక్రపు పండ్లతో కలిసినపుడే, నేలమీద వలయముగా నడచు ఎద్దు బావిమీద నిలువుగా నిలిచిన చక్రమును త్రిప్పగలదు. పండ్లచక్రము లేనియెడల ఆ పని మనుష్యుల కాలుసేతులదే. బాబరు తన స్మృతిగ్రంథమున లాహోరు, దీపాల్‌పూరు, సర్‌హిందు ప్రాంతములలో చూచి వర్ణించిన చక్రము పండ్లచక్రములతో కూడినదే.

ఇక మాట నడచిన దారిని చూతము. అరఘట్టము ప్రాకృతమున అరహట్టము, రహట్టము. హిందీలో రహట్. మహారాష్ట్రులకు రహాట్, వారి వాడుకలో అది బావిమీది చక్రమును చెప్పును, నూలు వడకు చక్రమును చెప్పును. గుజరాతీలో నూలుచక్రమునకుగల రెంటియో యను పేరును ఈ వంశములోనిదే. గాంధిమహాత్ముడు తన భాషలో వాడినది ఆ మాటనే. కన్నడమున రాటె యనగా నూలు వడకు చక్రము, బావిమీది గిలకయు. తమిళమున ఇరాట్టినము. మనకు రాటనము, రాట్నము. మన పాతనిఘంటువులలో రాట్నమునకు నూలు వడకు సాధనమను అర్థముతోపాటు నీరుతోడు యంత్రమను అర్థమును చేర్చబడియుండుట, పొరుగుభాషలన్నిటను ఈ రెండర్థములు కవలలవలె కూడియుండుట చూడగా, మన రాట్నము ఆ అరఘట్టపు సంతతిలోనిదే యని తలచుటకు బలమైన హేతువు కలదు.

రెండర్థములలో ఏది ముందు? ఇచ్చట చరిత్ర భాషకు సాక్ష్యమిచ్చుచున్నది. నూలు వడకు చక్రము మన దేశమునకు మిక్కిలి పురాతనమని చాలమంది నమ్మిక. కాని అంతకుముందు యుగయుగములుగ మన స్త్రీలు వడికినది చేతికదురుమీద. చక్రముగల చర్ఖాకు మన దేశమున లభించిన తొలి ప్రస్తావనలలో ఒకటి, 1350 ప్రాంతమున బహమనీరాజుల ఆశ్రయమున ఇసామీ యను కవి వ్రాసిన ఫుతూహుస్సలాతీన్ అను పారసీక కావ్యమున కనబడుచున్నది. గాథాసప్తశతి కాలమునుండియు రహట్టము బావిలో తిరుగుచునే యున్నది. కావున నీటిచక్రము పెద్దది, నూలుచక్రము చిన్నది. క్రొత్తగా ఇంటికి వచ్చిన చక్రమును చూచి జనులు తమకదివఱకే తెలిసిన చక్రపు పేరు దానికి పెట్టిరి. పిమ్మట బావిమీది చక్రము మఱుగుపడి, ఇంటిలోని చక్రమునకే ఆ పేరు మిగిలిపోయినది. తిరునాళ్లలో పిల్లలనెక్కించుకొని తిరుగు రంగులరాట్నమును ఒకమాఱు నిదానించి చూడుడు: నిలువుచక్రము, దాని అంచున వ్రేలాడు తొట్లు, ఒకవైపున ఎక్కుట, ఒకవైపున దిగుట. అది నూలుచక్రముకంటె గంగదత్తుడెక్కిన చక్రమునకే దగ్గఱి చుట్టము.

ఇంతవఱకు చెప్పినదంతయు నీటినెత్తు చక్రము. చక్రము తిరిగినది నీటికొఱకే గాని నీటివలన కాదు. నీటివలననే తిరుగు చక్రము వేఱు. పాఱు నదిలో చక్రమును నిలిపి, అంచున పలకలు బిగించినచో, ప్రవాహము ఆ పలకలను నెట్టుచుండ చక్రము తనంతట తానే తిరుగును. ఆ అంచునకే పాత్రలు కట్టినచో ఎద్దును మనిషియు అక్కఱలేకయే నది తన నీటిని తానే గట్టుమీదికెత్తి పోయును. క్రీస్తుపూర్వపు చివరిశతాబ్దిలో రోమకశిల్పి విట్రూవియసు తన వాస్తుగ్రంథపు పదవభాగమున ఈ చక్రమును వర్ణించి, వెంటనే, అదే పద్ధతిని పండ్లచక్రములద్వారా తిరుగలికి తగిలించి పిండి విసరు నీటితిరుగలినిగూర్చి చెప్పెను. సిరియాదేశమున ఒరోంటిసు నదిమీద హమా నగరములో ఇట్టి మహాచక్రములు నేటికిని నిలిచియున్నవి. అరబ్బులు దీనికి పెట్టిన పేరు నాఊరా. మూల్గుటను, ఘోషించుటను చెప్పు ధాతువునుండి పుట్టిన మాట. చెక్కయిరుసుమీద బరువుచక్రము తిరుగునప్పుడు పుట్టు ధ్వనియే దానికి పేరైనది. స్పెయిను దేశము చేరి ఆ మాటయే నోరియా యైనది.

మన దేశమున నీటిచే తిరుగు తిరుగళ్లు లేవా యనిన, హిమాలయపు లోయలలో కలవు. అచ్చటి పల్లెలలో వాటిని ఘరాట్ అందురు. తిరుగలియను అర్థముగల ఘరట్టమను సంస్కృతపదమునకు అది వారసురాలు. మంచు కరగి నిత్యము దుముకు సెలయేళ్లున్నచోట అది సహజమే. దక్షిణాపథమున ప్రసిద్ధి గాంచినది ఔరంగాబాదులోని పన్‌చక్కీ. బాబా షా ముసాఫిర్ దర్గాలో 18వ శతాబ్దిన నిర్మింపబడిన ఈ నీటితిరుగలికి, కొన్ని మైళ్ల దూరమున కొండలలోని ఊటనుండి మట్టిగొట్టములద్వారా నీటిని తెచ్చి, ఎత్తునుండి దూకించి, ఫకీరులకును యాత్రికులకును పిండి విసరిరి. ఆ నగరము అసఫ్‌జాహీల తొలిరాజధాని, 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోని పట్టణము. ఆ సంబంధముచేత పన్‌చక్కీని మనము పరాయిదిగ ఎంచనక్కఱలేదు.

మఱి అనంతపురపు పీఠభూమిలోనో? ఇచ్చట అట్టి చక్రమును ఎచ్చట నిలుపవలెను?

ఈ సీమకు ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతిమేఘములు పడమటికనుమలమీదనే తమ భారమును దించుకొని వచ్చును. ఈశాన్యమేఘములు తూర్పుతీరమును తడిపి ఇచ్చటికి చేరునప్పటికి అలసిపోవును. నందికొండల ప్రాంతమున పుట్టిన పెన్నయు, దానిలో కలియు చిత్రావతియు, పడమట హగరియని పిలువబడు వేదవతియు పేరునకు నదులే గాని, ఏడాదిలో అధికభాగము ఇసుకతిన్నెలు. పాఱిన నాడు గట్లు తెంచుకొని పాఱును. పాఱని నాడు చెలమ త్రవ్వినగాని తడి కానరాదు. ప్రవాహచక్రమునకు కావలసినది ఉద్ధృతి కాదు, నిలుకడ. ఏడాదికి కొన్ని దినములు మాత్రము తిరిగి, ఆ దినములలోనే వరదకు కొట్టుకొనిపోవు చక్రమును ఏ వడ్రంగి చేయును, ఏ రైతు చేయించుకొనును? అందుచేతనే విజయనగర ప్రభువులు ఇచ్చట పాఱునీటిని నమ్ముకొనక నిలుపునీటిని నమ్ముకొనిరి. బుక్కరాయసముద్రము, అనంతపురము చెఱువు, బుక్కపట్టణము చెఱువు ఆ బుద్ధివిశేషమునకు సాక్ష్యములు. చెఱువుకట్ట తెగనున్నప్పుడు ఊరికొఱకు ప్రాణమర్పించిన ముసలమ్మ కథ బుక్కరాయసముద్రముననే వెలసినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ రచించినది ఆ కథమీదనే. నీరు ఇచ్చట ప్రాణములను కోరినదే గాని సేవకురాలై చక్రమును త్రిప్పినది కాదు.

ఈ సీమ భాషలో నీటికి సంబంధించిన యంత్రముల పేర్లన్నియు నీటినెత్తుటను చెప్పునవే యైనది ఇందువలననే. ఏతము అను మాటను చూడుడు. తమిళమున ఏఱ్ఱం, కన్నడమున ఏత, యాత; ఎక్కుటను పైకి పోవుటను చెప్పు ద్రావిడధాతువున పుట్టినది. ఎత్తైన స్తంభముమీద త్రాసుకోలవలె నిలిపిన దూలము, దాని కొననుండి దిగు కఱ్ఱ, కఱ్ఱకు బానయో బొక్కెనయో. దూలముమీద మనిషి ముందునకు వెనుకకు నడచుచు తన దేహపుబరువునే శక్తిగా వెచ్చింపగా, క్రింద నిలిచిన మఱియొకడు బొక్కెనను ముంచి పట్టి పోయును. తెల్లవాఱకముందే మొదలగు ఆ పనిలో ఏతపుపాట శ్రమను మఱపించుటయే గాక బొక్కెనల లెక్కయు చెప్పెడిది. మదరాసు దొరతనమువారి కాగితములలో దీనిని పికొట్టా యనిరి. ఓడలోని నీటిని తోడు పంపుపిడికి పోర్చుగీసువారు వాడు పికోట యను మాటనుండి అది వచ్చినది. సముద్రముమీద తిరుగువారి మాట వచ్చి నీళ్లులేని సీమలోని బావిగట్టున నిలిచినది.

ఏతము లోతులేని బావికి చాలును. అనంతపురపు బావులకు చాలినది కపిల. కోస్తాలోను తెలంగాణములోను మోటయనుదానికే రాయలసీమలో కపిలయని పేరు. కన్నడిగులకు కపిలె, తమిళులకు కవలై. దీని నిర్మాణమును కొంచెము వివరముగ చెప్పవలెను. ఏలయన దీనిని పనిచేయుచుండగా చూచినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు, చూడనివారు దీనిని మోటుసాధనమని తలచుచున్నారు.

బావిగట్టున గట్టి గుంజలు పాతి వాటినడుమ గిలకను నిలుపుదురు. గట్టునుండి వెలుపలికి ఏటవాలుగా పల్లమునకు దిగు బాటయొకటి యుండును. దాని నిడివి బావిలోతునుబట్టి. బావిలోనికి దిగునది తోలుసంచి. దాని నోటికి ఇనుపవలయము, అడుగున ఏనుగుతొండమువంటి తోలుగొట్టము. నోటికి కట్టిన పెద్దమోకు పైగిలకమీదుగాను, తొండపు కొనకు కట్టిన సన్నతాడు గట్టుఅంచున నున్న దొర్లుడుకఱ్ఱమీదుగాను వచ్చి, రెండును ఎడ్ల కాడికే చేరును. సంచి బావిలోనున్నంతసేపు తొండము పైకి మడచుకొనియుండును గనుక నీరు కాఱిపోదు. ఎడ్లు పల్లమునకు దిగుచుండగా సంచి పైకెక్కును. తోలువాడు మోకుమీద కూర్చుండి తన బరువును ఎడ్ల బలమునకు చేర్చును. సంచి గట్టును దాటి ఇంకను పైకి పోవుచుండగా తొండపు కొన మాత్రము క్రిందికఱ్ఱకడ నిలిచి, తొట్టివైపు చాచుకొని, నీరంతయు తనంతట తానే కుమ్మరింపబడును. పిమ్మట ఎడ్లు వెనుకకు వెనుకకు నడచి మెట్ట యెక్కును. ఆ రెండుతాళ్ల నిడివిని సరిచూచుటలోనే నేర్పంతయు నున్నది. జానెడు తేడా వచ్చినచో నీరు త్రోవలోనే ఒలికిపోవును.

బాబరు ఆగ్రా, బయానా ప్రాంతములలో చూచిన తోలుబొక్కెననుగూర్చి వ్రాయుచు, అది శ్రమతో కూడినదనియు, రోతయైనదనియు ఈసడించెను: ఎద్దును తోలుటకు ఒకడు, బొక్కెనను ఒంపుటకు మఱియొకడు కావలెను, తాడు ఎద్దుపేడలో ఈడ్వబడి మరల బావిలోనికే దిగును. ఆతని మాటలో న్యాయము కలదు. కాని దక్కనుకపిలకు తొండమును తగిలించిన అజ్ఞాతశిల్పి ఆ రెండవమనిషిని తప్పించివేసెను. మూతయు బిరడాయు లేక, రెండుతాళ్ల నిడివితోనే సరియైన క్షణమున నీటిని విడిచిపెట్టు ఆ ఉపాయమును నేను యంత్రశాస్త్రమున ఉత్తమశ్రేణికి చెందినదిగ భావించుచున్నాను. మదరాసు రాజధానిలో 20వ శతాబ్దారంభమున చమురుయింజనులతో నీరుతోడు పద్ధతిని ప్రచారముచేసిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ సైతము ఈ పాతసాధనములను త్రోసిపుచ్చక, వాటి పనిని కొలిచి చూచి, పిమ్మట యింజనులతో పోల్చెను.

శక్తిలెక్కను ఒకమాఱు చూచిన విషయము తేటపడును. 100 లీటర్ల నీటిని 10 మీటర్లు పైకెత్తుటకు 9,800 జౌళ్ల శక్తి కావలెను. ఒక యూనిట్ విద్యుత్తులో 36 లక్షల జౌళ్లు కలవు. అనగా నష్టమేమియు లేదనుకొన్నచో, ఒక్క యూనిట్టు అట్టి సంచిని 367 మాఱులు పైకి తేగలదు. పూర్వము ఒక జత ఎడ్లు ప్రొద్దంతయు బాట నెక్కుచు దిగుచు చేసిన పని నేడు కొలతకు ఇంతయే. అందుచేత చమురుయింజను, దానివెంట కరెంటుమోటారు వచ్చినప్పుడు కపిల నిలువలేకపోవుటలో ఆశ్చర్యము లేదు. కాని కపిల బావిలోని ఊటకంటె వేగముగ నీటిని తోడలేకపోయెడిది. మోటారునకు ఆ అడ్డు లేదు. బావులు ఇంకిన పిమ్మట బోర్లు, బోర్లు ఇంకిన పిమ్మట మఱింత లోతు బోర్లు; ఆ కథ ఈ సీమలోని ప్రతి రైతుకుటుంబమునకును అప్పుపత్రములతోసహా తెలిసినదే.

ఇచ్చట గాలిచే తిరుగుదానికి మాత్రము చక్కని తెలుగుపేరు కుదిరినది. ‘మర’ యనగా మొదట మేకునకుండు మెలిక. మరమేకులో ఆ అర్థము నేటికిని కలదు, తమిళమున మరై యనునదియు అదియే. మెలికనుండి తిరుగు యంత్రమునకెల్ల ఆ పేరు వ్యాపించి మరబియ్యము, మరపడవ, మరమగ్గము పుట్టినవి. 1990లలో రామగిరి కొండలమీద గాలిమరలు వెలసినపుడు, ఊరివారెవరును నిఘంటువు వెదకకయే ఆ పేరు వాడిరి. నీటిమర యనుటకు మాత్రము ఈ సీమలో అవసరము కలుగలేదు.

అవసరము కలుగుటకు తుంగభద్ర రావలసివచ్చినది. హోస్పేటవద్ద ఆ నదికి కట్టిన ఆనకట్టలో 1953లో నీరు నిలిచినది. ఆనకట్టక్రిందను హంపివద్దను విద్యుత్కేంద్రములు వెలసినవి. కుడిగట్టునుండి బయలుదేఱిన ఎగువకాలువ బళ్లారిసీమను దాటి అనంతపురపు మెట్టను ప్రవేశించినది. ఆ నీటిని నిలుపుటకు కూడేరుమండలము కొఱ్ఱకోడువద్ద పెన్నమీద జలాశయమును కట్టిరి. ఉరవకొండకు సమీపమున లక్ష్మీనరసింహస్వామి వెలసిన పెన్న అహోబిలముపేరనే దానికి పెన్న అహోబిలము సంతులన జలాశయమని పేరు. దాని ప్రణాళికాసామర్థ్యము 11 టి.ఎం.సి.లు. జలాశయమునుండి దిగువకు, మిడ్ పెన్నారువైపు, పోవు నీరు అచ్చటి కేంద్రమున యంత్రములను త్రిప్పి పోవును. దాని స్థాపితసామర్థ్యము 20 మెగావాట్లు. దేశమందలి మహాకేంద్రములముందు అది స్వల్పమే కావచ్చును; కాని ఎన్నియో తరములు నీటికొఱకు తమ బలమును వెచ్చించిన సీమలో నీరు తిరిగి బలమునిచ్చుట ఆ యంత్రముల చప్పుడులో వినబడును.

ఆ యంత్రము పేరు టర్బైను. దాని పుట్టుకయు ఆసక్తికరమైనదే. ఫ్రాన్సుదేశమున సెంట్ ఎతియన్ గనులపాఠశాలలో ఆచార్యుడగు క్లోద్ బుర్దాఁ 1822లో విద్వత్పరిషత్తునకు సమర్పించిన వ్యాసమున, వేగముగ తిరుగు క్రొత్తరకపు నీటియంత్రమునకు లాటిను మాటనుండి ఈ పేరు కూర్చెను. లాటినున టుర్బో యనగా సుడి, సుడిగాలి. పిల్లలాడు బొంగరమునకును అదే పేరు. మాట గురువుది, యంత్రము శిష్యునిది: బుర్దాఁ శిష్యుడు బెన్వా ఫుర్నేరో 1827లో ఆఱు అశ్వశక్తుల యంత్రమును నడిపించి చూపి, 1833లో ఆ దేశపు పరిశ్రమాభివృద్ధిసంఘమువారు ప్రకటించిన 6,000 ఫ్రాంకుల బహుమానమును గెలుచుకొనెను. పిమ్మట అతడు జర్మనీలో నల్లయడవుల ప్రాంతమున, నూఱు మీటర్లకు మించిన ఎత్తునుండి పడు నీటికి, ఇంచుమించు అడుగు వెడల్పుగల చక్రమును అమర్చగా అది నిమిషమునకు 2,300 చుట్లు తిరుగుచు 60 అశ్వశక్తులనిచ్చినది. పాతకాలపు నీటిచక్రము మెల్లగ తిరిగినది; అది నీటి బరువును, త్రోపును పైపైన మాత్రమే తీసికొనెడిది. టర్బైనులో నీరు మూసిన కోశమున సుడితిరుగుచు చక్రపు ఱెక్కలన్నిటిని ఒక్కసారిగ ఒరసి, తన శక్తిని దాదాపు సమస్తమును విడిచి, అలసిన నడకతో బయటపడును. 1849 ప్రాంతమున అమెరికాలో జేమ్స్ ఫ్రాన్సిసు దానిని సంస్కరించెను. ఎత్తైన జలపాతములకు పెల్టను, తక్కువయెత్తు అధికప్రవాహములకు కాప్లాను వేఱువేఱు రూపములు కనుగొనిరి. దక్షిణదేశమున ఈ యంత్రము తొలుత వెలుగు తెచ్చినది 1902లో, కావేరిమీది శివనసముద్రమున. ఆ విద్యుత్తు మొదట పోయినది కోలారు బంగారుగనులకు.

టర్బైనునకు తెలుగుపేరు వలెనని కోరువారున్నారు. పాఠ్యపుస్తకములలో జలచక్రమనియు మఱికొన్ని విధములుగను అనువదించి చూచిరి. నాకు తోచినంతవఱకు రాట్నమును మించిన పేరు లేదు. నీరాట్నమనిన నోటికి కుదురును, చెవికి కుదురును. పైగా ఆ మాట పుట్టింటికి, అనగా నీటికడకు, తిరిగివచ్చినట్లగును. ఉరవకొండ, ధర్మవరము మగ్గముల ఊళ్లు. రాట్నమనిన ఏమియో అచ్చటి బాలునకు చెప్పనక్కఱలేదు. పండితులు అంగీకరింతురో లేదో గాని, ఒక మాటకు రెండవమాఱు పని కల్పించుట క్రొత్తమాటను కల్పించుటకంటె భాషకు ఆరోగ్యకరమని నా విశ్వాసము.

యంత్రశాస్త్రదృష్టిలో టర్బైనును పంపును ఒకే యంత్రపు రెండు ముఖములు. నీరు దిగుచు చక్రమును త్రిప్పిన టర్బైను. చక్రము తిరుగుచు నీటినెత్తిన పంపు. కొన్ని కేంద్రములలో ఒకే యంత్రము పగలొకటిగను రాత్రియొకటిగను పనిచేయును. అనంతపురము ఈ రెండు ముఖములను నేడు ఒక్కసీమలోనే చూచుచున్నది. పడమటినుండి వచ్చు తుంగభద్రనీరు దిగుచు పెన్న అహోబిలమువద్ద చక్రమును త్రిప్పును. ఉత్తరమునుండి వచ్చు కృష్ణనీరు దిగిరాదు. శ్రీశైలజలాశయపు వెనుకనీటిలో మాల్యాలవద్ద మొదలిడి, పంపుకేంద్రమువెంబడి పంపుకేంద్రము దానిని మెట్లుమెట్లుగ ఎత్తవలెను. ఆ హంద్రీ-నీవా కాలువనీరు 2012లో బెళుగుప్పమండలమందలి జీడిపల్లి జలాశయమును చేరినది. అదే శ్రీశైలమున క్రిందికి దిగు నీరు మహాయంత్రములను త్రిప్పి విద్యుత్తునిచ్చుచుండ, పైకివచ్చు నీరు విద్యుత్తును త్రాగుచుండును. ఏతము నెక్కిన మనిషియు, కపిల నీడ్చిన ఎద్దును చేసిన పనినే ఆ పంపులు చేయుచున్నవి. మాఱినది పరిమాణమే గాని స్వభావము కాదు.

దిగునీటి విషయములోను పూర్ణసంతోషమునకు తావు లేదు. తుంగభద్ర ఆనకట్ట కట్టిన నాడు సుమారు 133 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. పూడికచే నేడది ఇంచుమించు 105కు దిగినది. తగ్గిన నీటిని మూడు రాష్ట్రములు పంచుకొనవలెను. ఎగువకాలువకు వచ్చు పాలు తగ్గిన ఏట ముందుగా చూడవలసినది త్రాగునీరు, పిదప పైరు. ఆ పిమ్మటనే యంత్రము. కొఱ్ఱకోడు జలాశయమునుండి అనేకగ్రామములకు త్రాగునీటిపథకములు సాగుచున్నవి గనుక ఈ వరుస న్యాయమైనదే. కాలువకు నీరు వదలిన నెలలలో అచ్చటి చక్రములు తిరుగును. వదలని నెలలలో ఇంజనీర్లు వాటిని విప్పి, ఱెక్కలమీది ఒరపిడిని సరిచూచి, ఇరుసులకు చమురు పెట్టి, మరల బిగించి యుంచుదురు.